మార్కుల మడి

మడి అంటే ఏమిటో మంత్రాలయం వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున తుంగభద్రలో మునిగి, తడిబట్టతో మఠంవైపు నడిచేవాళ్ళని చూస్తూ పెరిగినవాళ్ళం. మడిలో ఉన్నవారికి మనం తగలకూడదు, అంతే. ఎందుకు తగలకూడదని అడక్కూడదు. కానీ ఆ మడికి ఒక గడువుంది. పూజ అయి, భోజనాలు అయితే విప్పేస్తారు. సాయంత్రానికి ఆ మనిషే మన పక్కన అరుగుమీద కూచుని వానల సంగతీ వేరుశనగ ధర సంగతీ మాట్లాడతాడు. ఈమధ్య పట్నాల్లో పుట్టిన కొత్త మడి ఒకటుంది. దానికి మాత్రం గడువు లేదు. అది మార్కుల మడి. ఇరవైరెండేళ్ళ వయసులో ఒకసారి మైల పడ్డావా, అరవై యేళ్ళు వచ్చినా ఆ మైల నిన్ను వదలదు.

నేను చెప్పేది లా చదివిన పిల్లల గురించి. వకీలు అనగానే మనకి నల్లకోటు, చేతిలో కేసుకట్ట, వేపచెట్టుకింద కక్షిదార్లు కళ్ళముందు కదులుతారు. కానీ బొంబాయి, ఢిల్లీ, బెంగుళూరు, హైదరాబాదుల్లో మరో రకం వకీళ్ళున్నారు. వందలమంది ఒకే కప్పుకింద, అద్దాల మేడల్లో పనిచేస్తారు. వాళ్ళలో చాలామంది జడ్జిగారి మొహం చూడరు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటే, బ్యాంకు వేలకోట్లు అప్పిస్తే, ఆ కాగితాలు రాసేదీ సరిచూసేదీ వాళ్ళు. గంటల లెక్కన ఫీజు. వీటినే లా ఫర్ములు అంటారు. ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. ఖైతాన్ సంస్థ 1911లో కలకత్తాలో, అమర్‌చంద్ సంస్థ 1917లో బొంబాయిలో మొదలయ్యాయి. ఆ రెండోది 2015లో అన్నదమ్ములిద్దరి మధ్యా రెండు ఫర్ములుగా చీలింది. తగాదా తల్లి రాసిన వీలునామా దగ్గర మొదలైందట! దేశంలో అందరి పంపకాల కాగితాలూ రాసేవారింట్లోనూ మా ఆదోని కోర్టులో రోజూ చూసే కథే నడిచిందన్నమాట. అందుకు వాళ్ళని ఎగతాళి చెయ్యను. మనుషులు ఎక్కడైనా మనుషులే అని గుర్తుచేస్తున్నాను.

అక్కడ కొత్తగా చేరిన కుర్రాడికి ఒక్క నెలలో వచ్చే జీతం, మా దగ్గర జూనియరు ఏడాదంతా కోర్టు వరండాలు అరగదీసినా కళ్ళజూడడు. అందుకే లా చదివే ప్రతి పిల్లవాడూ ఇప్పుడు అటే చూస్తున్నాడు. వాళ్ళ తల్లిదండ్రులు ఇంకా ఎక్కువగా చూస్తున్నారు. నిన్నటిదాకా ఇంజనీరింగు ప్యాకేజీల గురించి మాట్లాడిన నోళ్ళే ఇవాళ లా ప్యాకేజీల గురించి మాట్లాడుతున్నాయి. గురువారం నాడు మఠం దగ్గర నిలబడితే తెలుస్తుంది. హాల్‌టిక్కెట్లు, మార్కుల మెమోలు చేత్తో పట్టుకుని బృందావనం చుట్టూ తిరిగే పిల్లలెందరో.

వాళ్ళలో కొందరు నా దగ్గరికీ వస్తారు. నేను మంత్రాలయంలో కాపురం ఉంటూ ఆదోని కోర్టులో ప్రాక్టీసు చేసుకునేవాణ్ణి. అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, నాకు 52 శాతం వచ్చినాది. పెద్ద ఫర్ములో ఉద్యోగం వస్తాదా?"

దీనికి జవాబు చెప్పేవాళ్ళు లోకంలో రెండు రకాలు. మొదటి రకం ఓదార్పు రకం. "మార్కులదేముంది నాయనా, ప్రతిభ ఉండాలి గానీ, అన్నీ అవే వస్తాయి" అంటారు. రెండో రకం బెదిరింపు రకం. "అప్పుడే చదువుకుని ఉంటే ఈ గతి పట్టేదా?" అంటారు. మొదటివారు పిల్లవాడికి అబద్ధం చెబుతున్నారు. రెండోవారు సగం నిజం చెబుతున్నారు. సగం నిజం అబద్ధం కంటే ప్రమాదం. అబద్ధం రేపో మాపో బయటపడుతుంది. సగం నిజాన్ని మాత్రం జీవితాంతం నమ్ముకుని కుమిలిపోతాడు వాడు.

నేనైతే ఉన్నమాట చెబుతాను. "రాదు అబ్బీ. నీ మార్కుల కాగితం పట్టుకుని ముందు గుమ్మంలోంచి పోతే రాదు." వాడి మొహం చిన్నబోతుంది. అప్పుడు మిగతా సగం చెబుతాను. "నీకు 82 శాతం వచ్చి ఉన్నా రాదు."

అవును, అసలు కిటుకు అక్కడుంది. ఈ ఫర్ములు కొత్తవాళ్ళని ఏరుకునేది ముఖ్యంగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో. 1986లో చట్టం చేసి బెంగుళూరులో మొదటిది పెట్టారు. హైదరాబాదులో నల్సార్ 1998లో వచ్చింది. విశాఖలో 2008లో ఇంకొకటి వచ్చింది. అక్కడికి పోయి, మార్కుల వరసన నిలబెట్టి, పైనుంచి లెక్కపెట్టుకుంటూ తీసుకుపోతారు. అక్కడ మార్కులు తగ్గినవాడు వెనకపడతాడు, నిజమే. అయినా వాడికి ఎదురుగా ఒక గుమ్మం ఉంది. కర్నూల్లో, కడపలో, అనంతపురంలో మామూలు లా కాలేజీలో చదివినవాడికి గుమ్మమే లేదు. ఆ ఫర్ములవాళ్ళు ఇక్కడికి రారు. రానివాడికి నువ్వు మొదటివాడివైతేనేం, ఆఖరివాడివైతేనేం? "చదువుకుని ఉంటే వచ్చేదిరా" అని పిల్లవాణ్ణి తిట్టే పెద్దమనుషులు, బస్సే రాని ఊళ్ళో కూచుని, ఆలస్యంగా లేచావు కాబట్టి బస్సు తప్పిపోయిందని తిడుతున్నారు.

పోనీ, ఆ జాతీయ విశ్వవిద్యాలయాలకే పోరాదా అంటారేమో. 2008 నుంచి క్లాట్ అనే పరీక్ష ఉంది. పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ వయసులో రాయాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. 2020 నుంచి పెద్దపెద్ద ఇంగ్లీషు పేరాలిచ్చి, చదివి అర్థం చేసుకుని జవాబు పెట్టమంటున్నారు. అంతా ఇంగ్లీషే. కోసిగిలో, పెద్దకడబూరులో తెలుగు బడిలో చదివిన పిల్లకి అలాంటి పరీక్ష ఒకటుందని తెలిసేసరికే ఆ వయసు దాటిపోతుంది. తెలిసినా శిక్షణకి పట్నం పోవాలి. గెలిచినా ఏడాదికి లక్షల్లో ఫీజు. ఇలాంటి పిల్లల్ని వెతికి ఆ పరీక్షకి తయారుచేయాలని షమ్నాద్ బషీర్ అనే ఆచార్యుడు 2010లో ఇడియా అన్న సంస్థ పెట్టాడు. మహానుభావుడు, 2019లో చిన్నవయసులోనే పోయాడు. ఒక మనిషి పూనుకుని నిచ్చెన వెయ్యాల్సి వచ్చిందంటే గోడ ఎంత ఎత్తుందో చూడండి.

ఇందులో ఇంకో చోద్యం. విశాఖ న్యాయ విశ్వవిద్యాలయానికి దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు. ఆయన మా కర్నూలు జిల్లా పెద్దపాడు మనిషి. 1921లో పేద దళిత కుటుంబంలో పుట్టి, మద్రాసులో లా చదివి, 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ పేరు ఆ గేటుమీద ఉండడం మాకు గర్వమే. కానీ ఇవాళ ఆ పెద్దపాడు నుంచే అలాంటి కుర్రాడొకడు బయల్దేరితే ఆ గేటుదాకా చేరతాడా అన్నదే నా ప్రశ్న.

ఇక గ్రేడుల చరిత్ర కాస్త చెబుతాను. తెల్లవాళ్ళ కాలంలో గ్రేడులు పరీక్ష కాగితానికి కాదు, ఏకంగా మనిషికే వేసేవారు. ఫస్టు గ్రేడు ప్లీడరు, సెకండు గ్రేడు ప్లీడరు, వకీలు, బారిస్టరు అని మెట్లుండేవి. సెకండు గ్రేడు ప్లీడరు కింది కోర్టులు దాటి పైకి పోకూడదు. ఎంత వాదనాపటిమ ఉన్నా సరే, బోర్డుమీద సెకండు గ్రేడు అని ఉంటే అంతే సంగతులు. మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు మొదలుపెట్టింది ఆ సెకండు గ్రేడు ప్లీడరుగానే. ఆ మెట్టు దాటడానికి ఆయన సముద్రం దాటి ఇంగ్లండు పోయి బారిస్టరై రావలసివచ్చింది. మనిషి మారలేదు. తెలివి మారలేదు. ముద్ర మారింది. ముద్ర మారగానే మద్రాసు హైకోర్టు తలుపు తెరుచుకుంది.

స్వతంత్రం వచ్చాక ఈ మెట్లన్నీ అవమానమని గుర్తించి, 1961లో అడ్వొకేట్ల చట్టం తెచ్చారు. ఇకమీదట ప్రాక్టీసు చేసేది ఒక్కటే తెగ, పేరు అడ్వొకేటు అన్నారు. అనుభవజ్ఞులకి సీనియరన్న గౌరవం ఒకటి ఉంచారు, అంతే. ఫస్టు గ్రేడూ సెకండు గ్రేడూ గోతిలో పూడ్చేశారు. పార్లమెంటు పూడ్చిపెట్టిన దాన్ని ఈ ఫర్ములు తవ్వి తీసి, గ్రేడ్ పాయింట్ యావరేజి అని కొత్త పేరు పెట్టి గద్దెమీద కూచోబెట్టాయి. నేను పోట్లాడుతున్నది దీనితో.

ఎదుటి పక్షం వాదన వినకుండా తీర్పు చెప్పకూడదు గనక అదీ వింటాను. ఫర్ములవాళ్ళు అనేదేమిటంటే: "మాకు వేల అర్జీలు వస్తాయి. అందరినీ కూచోబెట్టి మాట్లాడే తీరిక లేదు. ఏదో ఒక జల్లెడ కావాలి. ఒప్పందంలో ఒక్క మాట తప్పితే మా క్లయింటుకి కోట్లు నష్టం. ఐదేళ్ళు క్రమంగా చదివి మార్కులు తెచ్చుకున్నవాడు రాత్రింబవళ్ళు జాగ్రత్తగా పనిచేస్తాడని మా నమ్మకం."

ఇందులో న్యాయం లేదని అనను. ఊరికే తిరిగి, పరీక్షముందు రాత్రి ఇంపార్టెంటు ప్రశ్నలు బట్టీపట్టి, 50 శాతం తెచ్చుకున్నవాణ్ణి నా ఆఫీసులోకే రానివ్వను, వాళ్ళెందుకు రానిస్తారు? హాజరు కొనుక్కుని కాలేజీ మొహం చూడకుండా పట్టా తెచ్చుకునేవాళ్ళు మన జిల్లాల్లో కొదవలేదు. వాళ్ళకోసం నేను కలం పట్టలేదు. కానీ మార్కుల కాగితంలో ఒక లోపముంది. ఎంత వచ్చిందో చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. సోమరివాడి 52కీ, కష్టజీవి 52కీ ఒకే అంకె, ఒకే సిరా.

నా దగ్గర పనిచేసిన జూనియరు ఒకడి సంగతి చెబుతాను. కోసిగి వైపు పల్లె. మా మండలాల్లో వానలు తప్పితే ఊళ్ళకి ఊళ్ళు గుంటూరు జిల్లాకి మిరపకోతలకి వలసపోతాయి, మీకు తెలిసిందే. ఇళ్ళకి తాళాలు, ముసలివాళ్ళు మాత్రం మిగులుతారు. వీడు లా చదివేటప్పుడు రెండేళ్ళపాటు వాళ్ళమ్మానాన్నలతో పాటు మిరపచేలకి పోయాడు. సెమిస్టరు పరీక్షలకి నేరుగా చేలోంచి వచ్చాడు. కొన్ని పేపర్లు తప్పాడు, మళ్ళీ రాశాడు. మొత్తం మీద 51 శాతం తేలింది. "వేళ్ళు మండతాంటే పెన్ను పట్టేదానికి కష్టం సార్" అని నవ్వుతూ చెప్పేవాడు. ఆ మంట ఏ మెమోలో రాస్తారు?

కొంతకాలం కిందట పట్నం నుంచి ఒక పెద్ద ఫర్ము వాళ్ళు నాకు ఫోను చేశారు. పేరెందుకు లెండి. సౌరవిద్యుత్తు కంపెనీ ఒకటి మా వైపు భూములు తీసుకుంటోంది, హక్కులు సరిచూసి పెట్టమన్నారు. కర్నూలు జిల్లాకి ఇది కొత్త కాదు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లోనే పూర్తయింది. ఎండ మనకి శాపమనుకున్నాం, అదే పంట అయింది. ఎండ పంటకైనా నేల కావాలి. నేలకి కాగితం కావాలి. ఆ కాగితం తెలుగులో ఉంటుంది. అడంగల్లు, ఒకటి-బి, పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరు, ఈసీలు, ఇనాం రికార్డులు. అద్దాల మేడలో బంగారు పతకం తెచ్చుకున్న పిల్లకి అవి చదవడం రాదు. తప్పు ఆ పిల్లది కాదు, ఎవరూ నేర్పలేదు.

నేను ఆ పని మావాడికి అప్పజెప్పాను. పది రోజులు తాలూకాఫీసులో దుమ్ములో కూచున్నాడు. పదకొండోరోజు సాయంత్రం వచ్చి, "సార్, ఈ నాలుగు నంబర్లకు రిజిస్టర్లో పేరు కాడ చుక్కలుండాయి. ఆ రెండూ డి-పట్టా. వీళ్ళు కొనేదానికి ల్యా" అన్నాడు. పాత రిజిస్టర్లో హక్కుదారు పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూముల్ని చుక్కల భూములంటారు. వాటి చిక్కు తీర్చడానికి 2017లో ఒక చట్టమే చెయ్యాల్సివచ్చింది. పేదలకి ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూముల్ని చేతులు మారకుండా 1977 చట్టం కట్టిపడేసింది. 2023లో దానికి సవరణ వస్తే, ఏది దానికిందికి వస్తుందో ఏది రాదో తేల్చడం మరో తలనొప్పి. అవన్నీ నంబరు నంబరుకీ రాసి, ఇంగ్లీషులో తడుముకుంటూనే అయినా తప్పులేకుండా రిపోర్టు తయారుచేశాడు. ఆ నాలుగు నంబర్లూ వదిలేశారు. కోట్ల రూపాయల తగాదా పుట్టకముందే ఆగింది.

రిపోర్టు పట్నం పోయింది. అక్కడ మంచి కాగితం మీద, ఫర్ము పేరు పైన వేసి, కంపెనీకిచ్చారు. మాకు రావలసిన ఫీజు మాకిచ్చారు, కాదనను. ఆ ఉత్సాహంలో మావాడు అదే ఫర్ముకి ఉద్యోగానికి అర్జీ పెట్టాడు. రెండోరోజుకల్లా జవాబు. అరవై శాతం లోపువారి అర్జీలు పరిశీలించబడవని.

చూశారా మడి ఎలా ఉందో! వాడు రాసిన అక్షరం పనికొచ్చింది. వాడి పరిశీలన పనికొచ్చింది. వాడు మాత్రం గుమ్మం తొక్కకూడదు. వంట వాడిది, వడ్డన వాళ్ళది, పంక్తిలో వాడికి విస్తరి లేదు. మార్కులు పని తెలుసుకోవడానికే అయితే, చేసిన పని చేతిలో ఉండగా మార్కులెందుకు అడిగినట్టు?

మా ఊరి కథ ఒకటి చెబుతాను. భక్తులు భక్తిగా చెప్పుకుంటారు, నేను న్యాయంగా చెప్పుకుంటాను. ఆదోని నవాబు ఒకనాడు గుర్రం మీద పోతుంటే లేఖ వచ్చిందట. చదివిపెట్టేవారు దగ్గర లేరు. అక్కడ పశువులు కాచుకునే వెంకన్న అనే కుర్రాణ్ణి పిలిచి చదవమన్నాడు. వెంకన్నకి అక్షరం ముక్క రాదు. రాఘవేంద్రస్వామిని తలుచుకున్నాడు, చదివేశాడు. నవాబు సంతోషించి దివానుగిరీ ఇచ్చాడు. తర్వాత స్వామివారికి మా మంచాల గ్రామం ఇనాంగా దక్కడం వెనక ఆ దివాను ఉన్నాడంటారు. అదే నేటి మంత్రాలయం.

ఈ కథలో స్వామి మహిమ ఎంతో భక్తులు చెప్పనీండి. నాకు కనిపించే విశేషం నవాబుగారి పద్ధతి. ఆయన, "నీకు ఎన్ని మార్కులు? ఏ మదరసా?" అని అడగలేదు. లేఖ చేతికిచ్చి చదవమన్నాడు. చదివాడు, పని ఇచ్చాడు. చేయవలసిన పనే పరీక్షగా పెట్టడం అంటే అది. పదిహేడో శతాబ్దపు నవాబుకి తోచిన ఉపాయం, ఇరవైయొకటో శతాబ్దపు కంప్యూటర్ల ఆఫీసుకి తోచకపోవడం ఏమిటండీ?

నేనడిగేది ధర్మం కాదు, దానమూ కాదు. వెయ్యి అర్జీలొస్తే వెయ్యిమందికీ ఒక ఒప్పందం కాగితం పంపండి. అందులో తప్పులు పట్టమనండి. పేరు, కాలేజీ, శాతం కనపడకుండా దిద్దండి. పైకి తేలినవాళ్ళని పిలవండి. అప్పుడు మావాళ్ళు ఒక్కరూ తేలకపోతే నోరు మూసుకుంటాం. పిల్లవాణ్ణి వద్దనండి, కానీ వాడి పని చూసి వద్దనండి.

అయితే ఫర్ముల్ని తిట్టి చేతులు కడుక్కుంటే నా వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది. పిల్లలు అసలు బొంబాయి వైపు ఎందుకు చూస్తున్నారు? ఇక్కడ తిండి దొరకక! మంత్రాలయం రోడ్డు స్టేషన్లో రైలెక్కితే నేరుగా బొంబాయిలో దిగొచ్చు. ఆ రైల్లో కూలికి పోయేవాడూ, పట్టా పుచ్చుకున్న వకీలూ పక్కపక్కన కూచునే పరిస్థితి తెచ్చింది ఎవరు? మా సీనియర్లమే. జూనియరు పొద్దున్నే వచ్చి ఆఫీసు తీయాలి, కట్టలు మోయాలి, వాయిదాలు అడగాలి, సాయంత్రం దాకా నిలబడాలి. నెలాఖరుకి ఏమిస్తున్నాం? "పని నేర్చుకుంటున్నావుగా" అనే ఆశీర్వచనం! బస్సు చార్జీలు కూడా వాళ్ళ నాన్నే ఇవ్వాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో పట్నాల్లో జూనియరుకి నెలకి 20,000, పల్లెప్రాంతాల్లో 15,000 రూపాయలైనా ఇవ్వమని చెప్పింది. చెప్పింది, అంతే. ఆజ్ఞ కాదు, సలహా. సలహాల్ని గౌరవంగా విని మడిచిపెట్టడంలో మా వకీళ్ళని మించినవాళ్ళు లేరు. మన రాష్ట్ర ప్రభుత్వం 2019లో లా నేస్తం అని కొత్త న్యాయవాదులకి మొదటి మూడేళ్ళు నెలకి 5,000 ఇచ్చే పథకం పెట్టింది. పథకాలు ప్రభుత్వాలతో వస్తాయి, ప్రభుత్వాలతో పోతాయి. సీనియరు జేబు ఎక్కడికీ పోదు. అందులోంచి రావాలి జీతం.

బార్ కౌన్సిళ్ళూ తక్కువ తినలేదు. చట్టంలో నమోదు రుసుము 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలకీ తెగలకీ 125 రూపాయలు అని స్పష్టంగా ఉంటే, రకరకాల పద్దులకింద వేలకు వేలు గుంజుతూ వచ్చాయి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు అది తప్పని, చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోకూడదని తీర్పు చెప్పాల్సివచ్చింది. న్యాయం చెప్పేవాళ్ళ సంఘాలకే న్యాయం చెప్పాల్సిన రోజులు!

కోర్టు దూరం సంగతి సరేసరి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానో హైకోర్టో సీమకన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్ళలో పోయింది. హైకోర్టు 1954లో గుంటూరులో వెలిసి, 1956లో హైదరాబాదు పోయి, 2019లో అమరావతి చేరింది. కర్నూల్లో బెంచి పెట్టాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. పెద్ద కోర్టు ఉన్నచోట పెద్ద వకీళ్ళుంటారు. పెద్ద వకీళ్ళున్నచోట చిన్నవాళ్ళకి పనీ జీతమూ ఉంటాయి. మా పిల్లల మార్కులు తక్కువని బాధపడేవాళ్ళు, మా ప్రాంతానికి పడిన మార్కులెన్నో కూడా లెక్కచూడాలి.

ఇక పిల్లలతో రెండు మాటలు. ఉన్నమాటే చెబుతున్నాను. వంద ఫర్ములకి వంద అర్జీలు పెట్టి, వంద సార్లు లేదనిపించుకుని, మంచం పట్టకండి. ముందు గుమ్మం మూసి ఉంది. దాని ఎదురుగా నిలబడితే కాళ్ళు నొప్పులే. పక్కగుమ్మం ఒకటుంది. నాలుగైదేళ్ళు ఏదో ఒక్క విషయంలో, భూమి హక్కులో, బ్యాంకు రుణాలో, కార్మిక చట్టమో, పన్నులో, చేయితిరిగిన పనివాడివైతే, ఆ ఫర్ములే అనుభవజ్ఞుల్ని వెతుక్కుంటాయి. అప్పుడు కూడా మార్కులు అడగరని అనను. అడిగినా, ముందు ఏం చేశావని అడుగుతారు. జడ్జీ ఉద్యోగానికి పరీక్ష వేరు, అక్కడ డిగ్రీ మార్కుల వరసన పిలవరు. 2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని మళ్ళీ నియమం పెట్టింది. అంటే కోర్టు వరండాలో నిలబడ్డ మూడేళ్ళు వృథా కావన్నమాట. ఈ మూడేళ్ళూ తెలుగు దస్తావేజు చదవడం, ఇంగ్లీషులో తప్పులేకుండా అర్జీ రాయడం, ఈ రెండూ చేతికి రావాలి. రెండూ వచ్చినవాళ్ళు బొంబాయిలో దొరకరు. ఆ ఫర్ములు మన తాలూకాఫీసుల దాకా ఫోను చేసేది అందుకే.

ఆ ఫోను వచ్చినప్పుడు మాత్రం ఒక్క షరతు పెట్టండి. పని మాదైతే రిపోర్టు మీద పేరూ మాదే ఉండాలని. ఒప్పుకోకపోతే వేరేచోట చూసుకోమనండి. ఇది జీతానికి మించిన మాట. నేను నా మటుకు ఈ షరతు పెడుతున్నాను. నా ఆఫీసులోంచి పోయే ప్రతి రిపోర్టు కిందా పనిచేసిన జూనియరు పేరు ఉంటోంది. నెల మొదటి తేదీన వాడి చేతిలో జీతమూ పడుతోంది. బార్ కౌన్సిలు చెప్పిన 15,000 మా ఆదోనిలో ఇవ్వలేమని వాదించే సీనియర్లు ఎవరైనా ఉంటే, నా పద్దుపుస్తకం తెచ్చి చూపిస్తాను. వాళ్ళవీ తెమ్మనండి.